దెబ్బలు తిన్న కుర్చీ

దోమితిలా చేసే పని కొత్త కుర్చీలను ముసలివాటిగా మార్చడం. మా ఊరి వడ్రంగులు చేసిన చేతుల కుర్చీలు పచ్చి పైన్ వాసనతో, పాలిపోయిన ఒంటితో ఆమె పెరట్లోకి వస్తాయి. ఆమె వాటిని గొలుసుతో కొడుతుంది. దెబ్బలన్నీ ఒకేచోట పడకూడదు. అత్తలూ కోడళ్ళూ మూడు తరాలపాటు ఈడ్చి, గోడకు గుద్ది, గుమ్మంలో ఇరికించినట్టు అక్కడొకటి ఇక్కడొకటి పడాలి. తరవాత సన్నటి ఆరె తీసుకుని పురుగు తిన్నట్టు బెజ్జాలు పొడుస్తుంది. ఇటుకముక్కతో చేతుల కొసలు అరగదీస్తుంది. అక్రోటు తొక్కలు నానిన నల్లనీళ్ళు పూసి, ఆరాక మసి కలిపిన మైనం పట్టిస్తుంది. వారం తిరిగేసరికి నిన్న పుట్టిన కుర్చీ ముత్తాతగారి కుర్చీ అయిపోతుంది. పట్నం నుంచి ఎవేలియో అనే వర్తకుడు లారీలో వచ్చి వాటిని పట్టుకుపోయి, పాతకాలపు పల్లెటూరి కుర్చీలని చెప్పి అమ్ముకుంటాడు. కొన్నవాళ్ళు ఎవరి ముత్తాతను తలుచుకుని కూర్చుంటారో మనకనవసరం.

"పురుగు కూడా నీ అంత బాగా తినదే" అనేవాడు ఆమె మొగుడు లిబ్రాదో. ఆయన మెచ్చుకోలు ఎప్పుడూ ఆ తీరునే ఉండేది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెకు ఇదే పని. మొగుడు కుర్చీలు చేసేవాడు, ఆమె వాటి వయసు పెంచేది. ఇప్పుడు ఆమె మణికట్లు పొద్దున్నే మాట వినవు. మోకాళ్ళు మెట్టు ఎక్కేముందు కాసేపు ఆలోచించుకుంటాయి. నడుము సంగతి ఆమే ఎత్తదు, ఎత్తితే ఆ కబుర్లు ఒక పట్టాన తేలవని. ఆమె చేతిమీదుగా పోయిన కుర్చీలన్నీ వరసగా పేరిస్తే మెక్సికోలోని ఈ మిచోవకాన్ కొండ దిగి సరస్సు ఒడ్డుదాకా వెళ్తాయి. వాటిలో ఒక్కదాంట్లో కూడా ఆమె ఏనాడూ కూర్చోలేదు.

మరిచిపోయి కాదు. మా ఊళ్ళో చేతుల కుర్చీలో ఎవరు పడితే వాళ్ళు కూర్చోరు. అమ్మకానికి చేస్తారు, మోస్తారు, తుడుస్తారు. ఇళ్ళల్లో మాత్రం పీటలూ, బల్లలూ, తుంగచాపలూ తప్ప చేతులున్న కుర్చీ కనబడదు. అది పునీత ఇసిద్రో భారం మోసినవాడికే చెల్లుతుంది. ఏడాదికొక ఇల్లు ఆ పునీతుణ్ణి ఇంట్లో పెట్టుకుంటుంది. నెత్తిన టోపీ, చేతిలో ములుగర్ర, కాళ్ళ దగ్గర పిల్లికూనలంత ఎడ్ల జత. చూడ్డానికి చిన్న విగ్రహమే. కానీ ఆయన ముందు కొవ్వొత్తి ఆరకూడదు, పూలు వాడకూడదు, ప్రార్థన రోజుల్లో గడపలోకి వచ్చినవాళ్ళు ఆకలితో తిరిగి వెళ్ళకూడదు. వైశాఖం ఎండల్లో, వాన కోసం అందరూ ఆకాశం కేసి చూసే రోజుల్లో, ఆయన పండగ వస్తుంది. ఆ రోజు ఊరందరికీ అన్నం పెట్టి, పునీతుణ్ణి ఇంకో ఇంటికి అప్పగించాలి. అప్పుడు భారం దించుకున్న ఇంటి మగవాడు తన చేత్తో చేసిన కుర్చీ ఒకటి వీపున వేసుకుని గుడి వసారాకు తెస్తాడు. ఆ కుర్చీకి చెట్టును చంద్రుడు తగ్గే రోజుల్లో నరకాలి, లేకపోతే పురుగు పడుతుంది. మేకు ఒక్కటి కూడా కొట్టకూడదు. పెద్దలు చూసి సరేనంటే కుర్చీని వరసలో పెడతారు. అతను అందులో కూర్చుంటాడు. మొదటి గిన్నె అతని చేతికే ఇస్తారు. ఇక బతికినన్నాళ్ళూ ప్రతి పండగకూ అతని చోటు అదే.

అతని పెళ్ళాం మాటేమిటంటారా? ఆవిడ కుండ దగ్గర ఉంటుంది.

లిబ్రాదో ఆ భారం ఒప్పుకున్నది ఇంట్లో అడిగి కాదు. ఒక ఆదివారం గుడి ముందు పెద్దలతో నిలబడి రెండు గుక్కలు చెరకు సారా పుచ్చుకున్నాడు. వాళ్ళు అడిగారు, ఈయన తల ఊపాడు. మంచివాడే, తల మాత్రం తొందరగా ఊగేది. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"దోమితిలా, వచ్చే ఏడు పునీతుడు మనింటికొస్తున్నాడు."

"ఎవరు పిలిచారు?"

"నేనే."

"వండేదెవరు?"

ఆయన కాసేపు బుర్ర గోక్కున్నాడు. "ఆయన పెద్దగా తినడులేవే" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సిందని తరవాత చాలాసార్లు అనుకుంది. మా ఊళ్ళో మగవాళ్ళకు నవ్విన పెళ్ళాం ఒప్పుకున్నట్టే లెక్క.

పునీతుడు వచ్చాడు. వానలు వచ్చాయి. వానలతో పాటు లిబ్రాదోకి దగ్గు వచ్చింది. జీవితమంతా రంపపు పొట్టు పీల్చిన ఛాతీ అది. దగ్గుతూనే ఇంటి వసారాలో కూర్చుని తన కుర్చీ చేసుకున్నాడు. చెట్టు ముందే నరికి ఉంచాడు, తగ్గే చంద్రుడు చూసుకునే. చెక్కలో చెక్క దూర్చి బిగించాడు, మేకు తగలనివ్వలేదు. చేతుల కొసల అడుగున, కూర్చున్నవాడి వేళ్ళు ముడుచుకునే చోట, చిన్న మొక్కజొన్న పొత్తులు రెండు చెక్కాడు. పైకి కనబడవు, వేళ్ళకే తెలుస్తాయి. పని పూర్తయిందని ఒకరోజు చేతులు దులుపుకున్నాడు. దాని మీద ఒక తుంగచాప కప్పాడు. పొలాల్లో కంకులు ముదురుతుండగా పోయాడు.

పోయినవాళ్ళ పండగకు దోమితిలా ఒక గదిలో మొగుడికి బంతిపూలు పరిచింది, పక్క గదిలో పునీతుడికి కొవ్వొత్తి మార్చింది. పరామర్శకొచ్చిన పెద్దలు రొట్టె తిని, జావ తాగి, గొంతులు సవరించుకున్నారు. ఏడాది మధ్యలో పునీతుడు ఇల్లు మారితే వానలు దారి తప్పుతాయని మావాళ్ళ నమ్మకం. ఆ మాట ఎవరూ అనలేదు. అందరూ ఆమె ముఖం కేసి చూశారు, అంతే.

"ఉండనివ్వండి" అంది దోమితిలా.

వాళ్ళు టోపీలు పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాటతో ఆమె భారం ఒప్పుకుందని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ తరవాతి నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెయ్యడానికే చాలా ఉంది. పొద్దున్నే పునీతుడి ముందు ఊడ్చేది, పూలు మార్చేది, మొక్కజొన్న బూడిదనీళ్ళలో ఉడకబెట్టి రుబ్బేది. ఎండెక్కాక పెరట్లోకి వెళ్ళి ఎవేలియో కుర్చీలను కొట్టేది, ఎందుకంటే పునీతుడి కొవ్వొత్తి గాలితో వెలగదు. సాయంత్రం ప్రార్థనకు జనం వచ్చేవారు. తినేవారు, పాడేవారు, ఆమె ఓపికను పొగిడేవారు. పొగిడినంతసేపూ ఆమె నిలబడే ఉండేది. కూతురు మౌరా పక్క వీధి నుంచి వచ్చి అంట్లు తోమి వెళ్ళేది. ఆ పిల్లకూ చంటిబిడ్డ ఉంది, అంతకంటే ఏం చేస్తుంది? రాత్రి దోమితిలా చాప మీద వాలితే కాళ్ళు ఇంకా నడుస్తున్నట్టే ఉండేవి. దుఃఖపడాలని ఆమెకు చాలాసార్లు అనిపించింది. దానికి ముందు కూర్చోవాలి కదా, ఆ వీలే కుదర్లేదు.

ఒక ఆశ మాత్రం ఉండేది. ఎవరితోనూ అనలేదు, చివరకు చోనాతో కూడా. చోనా పక్కింటావిడ. మౌరా జ్ఞానస్నానానికి తల్లిగా నిలబడింది, అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరికొకరు 'కొమాద్రే'. ఆ చోనా దగ్గర కూడా బయటపెట్టని ఆ ఆశ ఇది: భారం ఎవరు పూర్తి చేస్తే కుర్చీ వాళ్ళది అని ఊరి కట్టుబాటు. పూర్తి చేస్తున్నది తను. పండగ నాడు వసారాలో కూర్చుంటుంది. కూర్చుని, ఇంకొకరు వండినది తింటుంది. ఆమెకు అంతకుమించి స్వర్గం అక్కర్లేదు.

పండగకు వారం ముందు క్రిసోఫొరో తాత వచ్చాడు. వసారా వరసలో మొదటి కుర్చీ ఆయనది. కట్టుబాట్లు ఆయన నోట్లోనే ఉంటాయి. పునీతుడి ముందు టోపీ తీశాడు, దోమితిలా వైపు తిరిగి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మా దోమితిలా, పెద్దలమంతా మాట్టాడుకున్నాం. లిబ్రాదోకి అన్యాయం చెయ్యం. వాడి కుర్చీ వరసలో పెట్టిస్తాం. నల్ల రిబ్బను కట్టి ఖాళీగా ఉంచుతాం. అందులో ఎవ్వరూ కూచోరు. ఇంత గౌరవం మా నాన్నకి కూడా జరగలేదు తెలుసా?"

"మరి నేనెక్కడ కూచోవాలి తాతా?"

ఆయన ఇది వేళాకోళమనుకుని నవ్వాడు. "ఎప్పుడూ కూచునే చోటేనమ్మా."

"నేనెప్పుడు కూచున్నాను?"

ఆయన జావ గ్లాసు అందుకున్నాడు. తాగేసి, దేవుడు మేలు చేస్తాడని చెప్పి వెళ్ళిపోయాడు.

దోమితిలాకు ఒళ్ళు మండింది. కూర్చోలేనివాడికి కుర్చీ ఇస్తారట. నిలబడలేనిదానికి నిలబడే చోటు చూపిస్తారట. ఆ కోపం పెద్దల మీదో లిబ్రాదో మీదో ఆమె తేల్చుకోలేదు. తేల్చుకునే తీరికా లేదు. పొయ్యి మీద బీన్స్ మాడుతున్నాయి.

మర్నాడు, గౌరవం ఎవరిదైతేనేం దుమ్ముతో పంపకూడదు కదా అని, ఆ కుర్చీ మీది చాప తీసి పెరట్లో ఎండకు పెట్టింది. లోపలికి వెళ్ళి పిండి కలుపుతోంటే వడ్రంగుల బండి వచ్చింది. ఎవేలియోకి పోవాల్సిన కొత్త కుర్చీలను వాళ్ళు దించి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టి, అరిచి చెప్పి వెళ్ళిపోయారు. అదే పైన్. అదే కొలత. లిబ్రాదో కూడా ఎవేలియో కోసం ఏళ్ళతరబడి ఆ నమూనాయే చేశాడు, ఆయన చేతులకు ఇంకో కుర్చీ తెలియదు. చేతులు ఏం నేర్చుకుంటే అదే చేస్తాయి.

ఆమె చేతులూ అంతే. మధ్యాహ్నం గొలుసు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఒక కుర్చీని కొట్టి పక్కకు జరిపింది, ఇంకోదాన్ని లాక్కుంది. కొట్టేటప్పుడు ఆమె కుర్చీ కేసి చూడదు. పండగకు ఎన్ని కుండలు కావాలో, ఎవరి దగ్గర అరువు తేవాలో అనుకుంటూ కొడుతోంది. వీపుకి, కాళ్ళకి, పీటకి. కుర్చీని పక్కకు తిప్పుదామని చెయ్యి పట్టుకుంది. వేళ్ళకు మొక్కజొన్న పొత్తు తగిలింది.

ఆమె ఆగింది. ఇంకో చేతి అడుగున తడిమింది. అక్కడా ఉంది.

అప్పుడు ఆమె చేసిన పని ఒక్క చోనాకే చెప్పింది, ఊరందరికీ చెప్పకముందు. గొలుసు మళ్ళీ ఎత్తింది. తెలిసే కొట్టింది. ముందటికంటే గట్టిగా కొట్టింది. "ఆయన పెద్దగా తినడా? పెద్దగా తినడా?" అంటూ కొట్టింది. కొట్టి, గొలుసు పారేసి, ఆ కుర్చీ పక్కన మట్టిలో చతికిలబడి ఏడ్చింది. లిబ్రాదో పోయాక అంతలా ఏడవడం అదే మొదలు.

ఆ ఏడుపు విని చోనా గోడ మీంచి చూసింది. చూసి, వీధి గుమ్మం నుంచి చుట్టూ తిరిగి రావడం దూరమని గోడే దిగింది. ఆ వయసులో అది మాటలు కాదు. కుర్చీ చుట్టూ తిరిగి దెబ్బలు చూసింది.

"చిత్రిక పడితే పోతాయేమో కొమాద్రే."

"లోతుగా తగిలాయి. అంత చెక్క తీసేస్తే కుర్చీ మిగలదు."

"ఇవన్నీ ఒకేలా ఉన్నాయిగా" అని చోనా మిగతా కుర్చీల వైపు గడ్డం ఎగరేసింది. "ఇంకా దెబ్బ తగలనిది ఒకటి తీసి పట్టుకుపోదాం. లిబ్రాదోదే అందాం. ఎవడికి తెలుస్తుంది? ఎటూ అందులో కూచునేవాడు కూడా లేడు, కిర్రుమందని చెప్పడానికి."

దోమితిలా నిజంగానే ఆలోచించింది. ఆ కుర్చీల్లో మేకులుంటాయి, జిగురు కింద దాచినవి. రేపు తాత అడిగితే ఒకమాట చెప్పాలి, ఎల్లుండి ఇంకెవరో అడిగితే ఆ మాట మీదే నిలబడాలి, బతికినన్నాళ్ళూ ప్రతి పండగకూ ఆ ఖాళీ కుర్చీ ముందు కొవ్వొత్తి వెలిగించి ముఖం మార్చకుండా ఉండాలి. అంత పని ఆమె ఒంట్లో మిగిలి లేదు.

"అబద్ధానికి కూడా ఓపిక కావాలి కొమాద్రే" అంది. "ఇదే పట్టుకుపోతాను. ఏమంటారో అననీ."

"ఒక మాటడుగుతాను, కోప్పడకు. నీకు నిజంగా ముందు తెలీలేదా?"

"ముందు తెలీలేదు. తరవాత తెలుసు. తెలిశాక కొట్టినవే లోతుగా పడ్డాయి."

చోనా కింద పడి ఉన్న గొలుసు కేసి చూసింది. "మా ఆయన కుర్చీ కూడా వసారాలో ఉంది" అంది. "ఆ గొలుసు ఒకసారి ఎరువిస్తావా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వయ్యాక కుర్చీ అలాగే ఉంది, దెబ్బలూ అలాగే ఉన్నాయి.

పండగ నాడు దోమితిలా తెల్లారకముందే లేచింది. పడుకుంటే కదా లేవడం, అసలు చాప మీద వాలనే లేదు. ఎర్రమిరప పులుసులో మాంసం ఉడికింది, మొక్కజొన్న ఆకుల్లో ముద్దలు ఉడికాయి. బాజాలు వచ్చాయి. పునీతుణ్ణి ఎత్తుకునేటప్పుడు ఆమె ఆయన ఎడ్ల కొమ్ములు కొంగుతో తుడిచి, "వెళ్ళిరా నాయనా, నన్ను మాత్రం మళ్ళీ తలుచుకోకు" అంది. ఆ మాట విన్నవాళ్ళు అది ప్రార్థన అనుకున్నారు. పునీతుడు వీధిలోకి వెళ్ళాక ఆ గది ఖాళీగా కనబడింది. గోడకు కొవ్వొత్తి మసి మాత్రం మిగిలింది.

కుర్చీని ఆమే మోసింది. వీపుకు తాడుతో కట్టుకుని, పైన నీలి శాలువా కప్పుకుని. మౌరా మోస్తానంది, అల్లుడు మోస్తానన్నాడు. ఆమె ఇవ్వలేదు. కట్టుబాటు ప్రకారం భారం మోసినవాళ్ళే కుర్చీని తేవాలి. దుమ్ములో, ఎండలో, బాజాల వెనక నడిచింది. మధ్యలో రెండు మూడు చోట్ల గోడకు ఆనుకుంది. జనం దారి ఇచ్చారు. కొందరు టోపీలు తీశారు, ఆమెకో కుర్చీకో తెలియదు.

వసారాలో పెద్దలు వరసగా కూర్చుని ఉన్నారు, చేతులు కుర్చీ చేతుల మీద పెట్టుకుని. వరస చివర ఖాళీ చోటు. క్రిసోఫొరో తాత చేతిలో నల్ల రిబ్బను. ముంగిట్లో కొత్తగా భారం తీసుకున్న జంట నిలబడింది. మొగుడు పునీతుణ్ణి ఎత్తుకుని ముసిముసిగా నవ్వుతున్నాడు. పెళ్ళాం రుఫీనా, ఇంకా పాతికేళ్ళు లేవు, గరిటె పట్టుకుని కుండ పక్కన భయంభయంగా నిలబడింది. దోమితిలా వండిన కుండ వేరు. అది ఊరికి. ఈ కుండ వసారాకు, దీన్ని కొత్త ఇల్లే వండాలి.

దోమితిలా తాడు విప్పి కుర్చీ దించింది. శాలువా తీసింది.

అందరూ మెడలు సాచి చూశారు. మా ఊళ్ళో ఆ దెబ్బలు గుర్తుపట్టనివాళ్ళు లేరు. సగం ఇళ్ళకు అన్నం పెట్టేవి అవే. క్రిసోఫొరో తాత లేచి వచ్చాడు, కుర్చీని తిరగేసి మేకు కోసం చూశాడు. లేదు.

"చేసింది లిబ్రాదోనే. మరి ఇదేంటి? ఆర్డరు కుర్చీలా చేశావేంటి దీన్ని?"

"నేనే కొట్టాను తాతా. ముందు తెలీక కొట్టాను. తరవాత తెలిసి కొట్టాను."

"తెలిసి కూడానా? ఎందుకమ్మా?"

ఆమె చెప్పడానికి చాలా మాటలు వెతుక్కుని వచ్చింది. దారిలో ఎండకు అన్నీ ఎండిపోయాయి. "పునీతుణ్ణి పిలిచింది ఆయన" అంది. "మోసింది నేను. కుర్చీ మళ్ళీ ఆయనకే అన్నారు. కోపమొచ్చింది."

పెద్దలు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. మాటలు వరస వెంబడి నడిచాయి. పట్నంవాళ్ళకు అమ్ముకునే బొంకు వయసు కుర్చీ పునీతుడి వసారాలోనా అన్నాడొకాయన. పోయినవాడి పేరుకు ఇంత అవమానం ఎక్కడా చూడలేదన్నాడు ఇంకొకాయన. క్రిసోఫొరో తాత రిబ్బను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దీనికి లిబ్రాదో పేరు కట్టలేం దోమితిలా. వాడి గౌరవానికి ఇది పనికిరాదు."

"పనికిరాదా?"

"పనికిరాదు."

"అందరి మాటా అదేనా?"

తలలు వరసగా ఊగాయి. వసారా ఆ కొస నుంచి ఈ కొస దాకా.

"సరే" అంది దోమితిలా. "అయితే ఇది ఇంక ఆయన కుర్చీ కాదు."

కుర్చీని ఖాళీ చోట్లోకి జరిపింది. అటు తిరిగి, చేతులు ఆనించి, మెల్లగా కూర్చుంది.

ఇదంతా ముందే ఎత్తు వేసుకుని చేసిందని తరవాత కొందరన్నారు. ఎత్తు వెయ్యాలంటే కాస్త నిద్రైనా ఉండాలి, ఆమెకు అదీ లేదు. వాళ్ళ నోటితోనే ఆ కుర్చీ లిబ్రాదోది కాకుండా పోయింది, అదే సమయానికి మోకాళ్ళు కూడా ఇక చాలన్నాయి. రెండూ ఒకేసారి జరిగాయి. వీపు చెక్కకు ఆనింది. గొలుసు దెబ్బలు శాలువాలోంచి వీపుకు గుచ్చుకున్నాయి. అయినా హాయిగా ఉంది. ఇంత హాయి ఈ మగవాళ్ళు ఇన్నేళ్ళుగా దాచుకున్నారా అనుకుంది, కొంచెం అసహ్యంగానే.

"లేమ్మా" అన్నాడు తాత, గొంతు తగ్గించి. "ఆడవాళ్ళెవరూ ఇక్కడ కూచోలేదు ఇంతవరకూ."

"కూచోడానికి తీరిక ఎప్పుడిచ్చారు?" జనంలోంచి చోనా గొంతు. ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు ఒకటి లేచి, పునీతుడున్నాడని అణిగింది.

"లే దోమితిలా."

"లేచే ఓపిక లేదు తాతా" అంది ఆమె. అది మొండితనం కాదు. ఉన్న సంగతి చెప్పింది.

వసారాలో కూర్చున్న మనిషిని లేపడం మా ఊళ్ళో ఎప్పుడూ జరగలేదు. ఎలా లేపాలో ఎవరికీ తెలియదు. చెయ్యి పట్టుకుని లాగాలా? ఎవరు లాగాలి? క్రిసోఫొరో తాత అటు చూశాడు, ఇటు చూశాడు. తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆలోచించుకోవడానికని అందరికీ తెలిసేలా కణత మీద వేలు పెట్టుకున్నాడు.

రుఫీనా మొదటి గిన్నె నింపి పట్టుకుని ఉంది. అది కొత్తగా కూర్చున్నవాడి చేతికి ఇవ్వాలి. ఆమె మొగుడు కళ్ళతో తాతవైపు సైగ చేశాడు. ఆ పిల్ల తాతను చూసింది. దోమితిలా కాళ్ళ కేసి చూసింది. చెప్పుల్లోంచి పొంగిన ఆ పాదాలను చాలాసేపు చూసింది. వచ్చే ఏడాది ఎవరి పాదాలు అలా ఉంటాయో ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. వసారా మెట్లెక్కి, గిన్నె రెండు చేతులతో దోమితిలాకు ఇచ్చింది.

"తినండత్తా. ఎలా కుదిరిందో తెలీదు."

దోమితిలా తిన్నది. పులుసు పల్చగా ఉంది, మాంసం ఇంకొంచెం ఉడకాలి. అయితేనేం. ఇంకొకరు వండినది, కూర్చుని తింటున్నది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారాయి, మిరపకారం అని ఎవరూ అనుకోలేదు.

రుఫీనా పరుగున కిందికి వెళ్ళింది. వరసలో ఇంకా అందరికీ గిన్నెలు అందాలి. ఇంతలో పొయ్యి పొగచూరింది. పచ్చి కట్టెలు పెట్టారెవరో. మంట తగ్గి, కుండ ఉడకడం ఆగింది. ఆ పిల్ల వంగి ఊదింది, దగ్గింది, మళ్ళీ ఊదింది. కంగారులో తల ఎత్తి, ఊళ్ళో అందరికీ ఏడాదిగా అలవాటైన పేరే పిలిచింది.

"దోమితిలా అత్తా, మంట అంటుకోవట్లేదు. ఒకసారి వస్తారా?"

దోమితిలా చేతులు వాటంతట అవే కుర్చీ చేతుల మీద బిగుసుకున్నాయి. నడుము ముందుకు వంగింది. ముంగిట్లో ఆడవాళ్ళందరూ ఆమెనే చూస్తున్నారు. చోనా తల అడ్డంగా ఊపుతోంది.

దోమితిలా మళ్ళీ వెనక్కి వాలింది. పక్కకు తిరిగి వరస పొడుగునా చూసింది.

"క్రిసోఫొరో తాతా, పొయ్యి మండట్లేదట."

ఆయన తనను కాదనుకున్నట్టు ఒక్క క్షణం కూర్చున్నాడు. పక్కాయన నేల చూపులు చూస్తున్నాడు, ఆ పక్కాయన టోపీ సర్దుకుంటున్నాడు. ముంగిట్లో ఒక్క ఆడమనిషి కూడా కదల్లేదు. కుండ చల్లారిపోతోంది. తాత రెండు చేతుల మీద బరువు వేసి, మూలుగుతూ కుర్చీలోంచి లేచి, మెట్లు దిగి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. పొయ్యి ఊదడం ఆయనకు చేతకాదు. పొగంతా కళ్ళలోకే పోయింది, బూడిద మీసాల మీద పడింది. మంట ఎటు వైపు నుంచి ఊదాలో అడుగుదామని తల తిప్పి వసారా కేసి చూశాడు.

దోమితిలా గిన్నెలో ముద్ద ముంచుకుని నములుతోంది. ఆమె లేవలేదు.